పెద్దపేగు ప్రేమలేఖలు

తెల్లవారి ఐదున్నరకు ఉస్మానియా క్యాంపస్‌లో రెండే చప్పుళ్లు. ఒకటి నెమళ్ల అరుపు, రెండోది వాకర్ల జేబుల్లో ఫోన్ల మోత. నెమళ్లు ఎందుకు అరుస్తాయో వాటికే తెలియాలి. ఫోన్లు మాత్రం మన ఆరోగ్యం కోసమే మోగుతాయి.

మొన్న మార్చిలో ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి ఊపిరి తీసుకుంటుంటే నా ఫోన్ కూడా మోగింది. తెరిచి చూస్తే ఉత్తరం. “నమస్కారం. నేను మీ పెద్దపేగును. ఇన్నేళ్లుగా మౌనంగా మీకు సేవ చేస్తున్నాను. ఒక్కసారైనా నా బాగోగులు అడిగారా?” కింద నీలం రిబ్బను, దండం పెడుతున్న రెండు చేతులు, నొక్కమని ఓ లింకు.

నాకు కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లు ఊడిగం చేయించుకున్న ఆఫీసు రిటైరైన రోజున ఒక శాలువా కప్పి గేటు చూపించింది. ఓటేయించుకున్న కార్పొరేటరు ఎదురుపడితే ఫోన్ చెవిన పెట్టుకుంటాడు. ఇంత మర్యాదగా, ఇంత ఆర్తిగా పలకరించింది నా పెద్దపేగు ఒక్కటే.

పేగుకు మార్చిలోనే ఎందుకు నోరొచ్చిందంటే, దానికో చరిత్ర ఉంది. క్లింటన్ హయాంలో, 2000లో, అమెరికా మార్చి నెలను పెద్దపేగు క్యాన్సర్ నెలగా ప్రకటించింది. మనకు మార్చి అంటే టెన్త్ పరీక్షలు, ఒంటిపూట బడులు, ఆదాయప్పన్ను లెక్కలు. ఇప్పుడు పేగు కూడా వచ్చి ఆ వరసలో నిలబడింది.

తర్వాతి వారం రోజుల్లో మరో పదకొండు ఉత్తరాలు వచ్చాయి. వాటిని నాలుగు రకాలుగా విడదీశాను, రిటైరైనవాడికి పనేముంది! మొదటిది జడిపించే రకం: “చడీచప్పుడు లేకుండా చంపుతుంది.” రెండోది ఏడిపించే రకం: “మీ మనవరాలి పెళ్లి చూడొద్దా?” మా మనవరాలికి ఇంకా మూడేళ్లు, పాలసీసా మానలేదు. మూడోది సిగ్గుపడేలా చేసే రకం: “మీ తోటివాళ్లంతా చేయించుకున్నారు, మీరు?” నాలుగోది అసలు రకం: “ఈ ఆదివారం వరకే. భార్యాభర్తలు కలిసి వస్తే ఒకరికి సగం.” పేగుల్లో కూడా దాంపత్యాన్ని చూసిన ఆ రచయితకు నా జోహార్లు.

ఆ నాలుగో ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేశాను. ఓ అమ్మాయి తేనె పూసిన గొంతుతో పలికింది. “అమ్మా, పెద్దపేగు పరీక్ష కోసం” అన్నాను. “తప్పకుండా సర్, మా ప్యాకేజీలో డెబ్బై రెండు టెస్టులున్నాయి సర్. థైరాయిడ్, విటమిన్ డి, విటమిన్ బి పన్నెండు, కొలెస్టరాల్…” చదువుతూనే ఉంది. “మలం పరీక్ష ఉందా తల్లీ?” కాసేపు నిశ్శబ్దం. కీబోర్డు టకటకలు. “లేదు సర్. అది ఈ ప్యాకేజీలో రాదు సర్. కావాలంటే ఎముకల సాంద్రత ఫ్రీగా యాడ్ చేస్తాను సర్.” పేగు రాసిన ఉత్తరం పట్టుకుని వెళితే ఎముకలు తూచి పంపుతారన్నమాట. పెళ్లిచూపుల్లో ఒక పిల్లను చూపించి పీటల మీద ఇంకో పిల్లను కూర్చోబెట్టే పద్ధతి మనకు కొత్త కాదు గనక నేనేమీ అనుకోలేదు.

ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఉత్తరాల్లో విషయం అబద్ధం కాదు. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది, 9 లక్షల మంది పోయారు. పెద్దపేగు గోడ మీద మొదట పులిపిరి లాంటి చిన్న బుడిపె లేస్తుంది. వాటిలో కొన్ని మాత్రమే ముదిరి క్యాన్సర్ అవుతాయి, అందుకు మామూలుగా ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఈలోగా కెమెరా గొట్టం వేసి చూసి దాన్ని తీసిపారేస్తే కథ అక్కడితో సరి. కంటికి కనపడని రక్తాన్ని మలంలో పట్టుకునే పరీక్ష ఏటా చేయిస్తే ఈ జబ్బుతో పోయేవాళ్లు మూడోవంతు తగ్గారని అమెరికాలో మిన్నెసోటా పరిశోధన 1993లోనే చూపించింది. కాబట్టి నా గొడవ పరీక్షతో కాదు, పరీక్ష జాడలేని ఉత్తరంతో.

మా వాకింగ్ బృందంలో ఓ పరిశోధక విద్యార్థి ఉన్నాడు. హాస్టల్లో ఆరో ఏడు నడుస్తోంది. మనుషుల్ని ఒప్పించే సందేశాలే అతని పీహెచ్‌డీ. నా పన్నెండు ఉత్తరాలూ చూపించాను. ఇసుకలో బంగారం కనబడ్డట్టు మొహం వెలిగిపోయింది.

“సార్, మనిషిని పరీక్షకు పంపాలంటే లాభం చెప్పాల్నా, నష్టం చెప్పాల్నా అని 1997ల రాత్‌మన్, సాలోవే అని ఇద్దరు సైకాలజిస్టులు పెద్ద వ్యాసమే రాసిన్రు. రోగం రాకుండ చేసే పనికైతే లాభం చెప్పాలె. రోగాన్ని పట్టుకునే పరీక్షకైతే నష్టం చెప్పి భయపెట్టాలె. గదీ లెక్క.”

“మరి లెక్క కుదిరిందా?”

“2009ల ఓకీఫ్, జెన్సెన్ అనేటోళ్లు అప్పటిదాంక జరిగిన ప్రయోగాలన్నీ ఒక్కకాడ కుప్పబోసి చూసిన్రు సార్. తేడా ఆవగింజంత. గదీ రొమ్ము క్యాన్సర్ పరీక్షల కాడనే.”

“అంటే?”

“అంటే ఇంకొక పీహెచ్‌డీకి జాగ ఉన్నట్టు సార్.”

ఆ ఆవగింజను పట్టుకోవడానికి ఇప్పుడు యంత్రాలనూ దింపారు. కృత్రిమ మేధకు మీ వయసు, ఊరు, కులదైవం చెబితే చాలు, నిమిషంలో మీ పేగు చేత మీ యాసలో మాట్లాడిస్తుంది. రేపో మాపో నా పేగు నాకు సీసపద్యంలో విన్నపం పంపినా ఆశ్చర్యపోను.

సందేశం సంగతి సరే, పిలిస్తే ఎంతమంది వస్తారు? పోలండ్, నార్వే, స్వీడన్‌లలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. కెమెరా పరీక్షకు రమ్మని వేలమందిని పిలిచారు. చదువున్న దేశాలు, ఆసుపత్రులున్న దేశాలు. వచ్చింది వందకు నలభై రెండు మంది. తక్కిన వాళ్లు ఉత్తరం చదివి, మడిచి, టీ తాగారు. మనిషి ఎక్కడైనా మనిషే.

ఇంగ్లండ్‌లో ఇంకో ముచ్చట ఉంది. అక్కడి ప్రభుత్వం 2006 నుంచీ పరీక్ష వయసు వచ్చిన వాళ్ల ఇంటికే మలం పరీక్ష కిట్‌ను పోస్టులో పంపుతోంది. మొదట్లో వచ్చిన కిట్‌తో ఒకసారి కాదు, మూడుసార్లు విరేచనం నుంచి పుల్లతో తీసి, అట్ట మీద పూసి, ఎండబెట్టి పంపాలి. జనం ముక్కు మూసుకుని కిట్‌ను అటకెక్కించారు. 2019లో కొత్త కిట్ వచ్చింది. ఒక్కసారి, ఒక్క పుల్ల. మూతకున్న పుల్లను ముంచి సీసాలో పెట్టి మూసేస్తే సరి. తిరిగి పంపేవాళ్లు పెరిగారు. ఇది నా పీహెచ్‌డీ మిత్రుడికి నేను చెప్పిన ఏకైక పాఠం: నాయనా, వాళ్లు మాట మార్చలేదు, పుల్ల మార్చారు.

ఇక తార్నాకకు వద్దాం.

వాకింగ్ అయ్యాక బయట చాయ్ బండి దగ్గర చేరతాం. చేసిన నడకను అక్కడే ఉస్మానియా బిస్కెట్ల రూపంలో తిరిగి జమ చేసుకుంటాం. దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో పుట్టి, 1958లో మన తార్నాకకు కాపురానికి వచ్చింది. 2024లో భారతీయులు ఏం తినాలో పదిహేడు సూత్రాలు రాసి పుస్తకం వేసింది. అది చదివినవాడు మా బండి దగ్గర ఇంతవరకు కనబడలేదు. చదివి ఉంటే బండి దగ్గరికి వచ్చి ఉండడు.

మాలో లాలాగూడ అన్న అని ఒకాయన. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. బోగీ కింద దూరి చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగలిగిన మనిషి. ఆ రోజు మా పేగు చర్చ అంతా విని, అందరూ వెళ్లేదాకా ఆగి, నా పక్కన చేరాడు.

“సార్, గా పేగు ముచ్చట నాక్కూడ వచ్చింది. డిలీట్ కొట్టిన.”

“ఎందుకన్నా?”

“నాకేం రోగం సార్! ఉంటే గింటే వేడి.”

“వేడి ఏమిటి?”

అన్న అటూ ఇటూ చూశాడు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. “మూడు నెల్ల సంది… పొద్దున పోయినప్పుడు… జర రక్తం కనబడ్తున్నది. మొలలే సార్. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగుతున్న.”

తెలుగువాడి వైద్యశాస్త్రంలో ఆఖరి పదం వేడి. కళ్లు మండితే వేడి. కురుపు లేస్తే వేడి. ముక్కున రక్తం కారితే వేడి. పిల్లవాడికి లెక్కలు రాకపోతే తలకెక్కిన వేడి. కింద నుంచి రక్తం పడితే అది కాస్త పెద్ద వేడి. మజ్జిగ చాలదు, సబ్జా కావాలి, అంతే. ఇంటింటా పొద్దున్నే “మోషన్ అయిందా నాన్నా?” అని హాలంతా వినబడేలా అడిగే జాతి మనది. అయిందా లేదా అన్నది అందరికీ కావాలి. అందులో ఏం కనిపించిందన్నది మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పం. అన్న కూడా వదినకు చెప్పలేదు.

“డాక్టరుకు చూపించావా?” అంటే ఫోన్ తీసి ఓ ఫోటో చూపించాడు. మెట్రో స్తంభం మీద అంటించిన కాగితం. పసుపు మీద ఎర్ర అక్షరాలు. మొలలు, ఫిషర్, భగందరం. కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు. ఒక్కరోజులో నయం. గ్యారంటీ. కింద ఫోన్ నంబరు. “రేపు పోదామనుకుంటున్న” అన్నాడు.

నేను ఆ కాగితాన్ని భక్తితో చూశాను. ఒప్పించడమంటే అదీ! ఏ సైకాలజిస్టూ రాయలేదు, ఏ యంత్రమూ సానబట్టలేదు. మనిషికున్న భయాలు ఏవేవో దానికి తెలుసు: కత్తి భయం, నొప్పి భయం, ఖర్చు భయం, నలుగురికీ తెలిసిపోతుందన్న భయం. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క ముక్కలో జవాబు చెప్పింది. ఎక్కడికి రావాలో చెప్పింది. రోజూ ఆగే సిగ్నల్ దగ్గరే, కంటికి ఎదురుగా నిలబడింది. అందులో లేనిది ఒక్కటే. ‘చూసి చెబుతాం’ అన్న మాట. చూడకుండానే తెలుసు వాళ్లకు. మూడు జబ్బులూ అచ్చేసే ఉన్నాయి. నాలుగోదానికి కాగితం మీద చోటు లేదు.

మన రోగి ప్రయాణం చాలాసార్లు ఇలాగే సాగుతుంది. మొదట సబ్జా, తర్వాత స్తంభం, ఆ తర్వాత పసరు, ఆఖరున ఆసుపత్రి. 1955 నుంచీ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ మెట్లెక్కేవాడు అంతకుముందు ఎన్ని స్తంభాలు దాటి వచ్చాడో ఎవరూ లెక్క రాసుకోరు.

దీనికి సినిమాను కూడా ఒక మాట అనకపోతే నిద్రపట్టదు. మన తెరమీద క్యాన్సర్ ఎప్పుడూ మర్యాదస్తుల జబ్బే. హీరో దగ్గుతాడు, తెల్ల రుమాలు మీద ఎర్ర మరక, వెనకాల వయొలిన్. నడుము కిందికి దిగిన క్యాన్సర్‌కు పాట రాసిన కవి లేడు. 1981లో ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని క్యాన్సర్ రోగిగా నటిస్తే ఆంధ్రదేశం వెక్కి వెక్కి ఏడ్చింది. 2013 అక్టోబరులో, 89 ఏళ్ల వయసులో, అదే అక్కినేని విలేకరులను పిలిచి తన పొట్టలో క్యాన్సర్ ఉందని తానే చెప్పారు. వయొలిన్ లేదు, రుమాలు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మరుసటి జనవరి 22న వెళ్లిపోయారు. తెలుగు నేల మీద పొట్ట గురించి ఒక పెద్దమనిషి నలుగురిలో నోరు విప్పిన రోజు అది. మనం ఆ ధైర్యానికి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి, మళ్లీ నోళ్లు కుట్టేసుకున్నాం.

అమెరికాలో కేటీ కూరిక్ అనే టీవీ ఆవిడ భర్త 1998లో, 42 ఏళ్లకే ఈ జబ్బుతో పోయాడు. 2000 మార్చిలో ఆవిడ తన పేగు పరీక్షనే టీవీలో చూపించింది. ఆ తర్వాత ఆ పరీక్షలు ఐదోవంతు దాకా పెరిగాయని పరిశోధకులు లెక్క తేల్చారు. అక్కడ ఓ మనిషి ముఖం కదిలించింది, కదిలినవాళ్లు వెళ్లడానికి చోటుంది. మన హీరోలు టీవీలో నోట్లో వేసుకునేవి వేరు. వాటి గురించి నేను రాయడం మొదలుపెడితే నాకే వేడి చేస్తుంది.

సర్కారు సంగతి. జబ్బు లేనప్పుడే వెతికి పట్టుకోవడానికి ముప్పై దాటిన వాళ్లకు ఏ క్యాన్సర్ పరీక్షలు చేయాలో 2016లో కేంద్రం జాబితా రాసింది. మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు లేదు. ఇందులో నేను తప్పు పట్టను. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు రేటు బాగా తక్కువ, ఉన్న డబ్బును ఎక్కువమందిని తినే జబ్బు మీద పెట్టడం ఇంగితమే. తప్పల్లా, అమెరికా 2021లో తనవాళ్ల కోసం పరీక్ష వయసును యాభై నుంచి నలభై ఐదుకు దించుకుంటే, ఆ ముక్కను తెలుగులోకి దించి తార్నాక వాకర్ల మీద వదిలేవాళ్లది. అక్కడ ఉత్తరం వెనక కిట్ ఉంది, బీమా ఉంది. ఇక్కడ ఉత్తరం వెనక డెబ్బై రెండు టెస్టుల ప్యాకేజీ ఉంది. విషయం నిజం, చిరునామా తప్పు.

మనకు జబ్బు ముదిరాక ఆదుకునే పథకం లేకపోలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలు చేశారు. మంచిదే, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ముదరకముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న ఉంది: “రక్తం ఏమైనా కనబడుతోందా?” దానికి పది పైసలు ఖర్చు లేదు. అందుకే కాబోలు, దాని మీద ఎవరి ఫోటోతోనూ ఫ్లెక్సీ లేవలేదు.

అన్నను ఏ సందేశం ఒప్పించిందో చెప్పాలి కదా. ఏదీ కాదు. నేను మనవరాలి పెళ్లి ఎత్తితే, “నాకు మనుమండ్లే సార్” అన్నాడు. లెక్కలు చెబితే, “లెక్కలల్ల నేనెందుకుంట?” అన్నాడు. చివరికి, “అన్నా, నీ కార్డు చెల్లే ఆసుపత్రికి రేపు ఏడింటికి ఆటో తెస్తున్నా, వీధి చివర నిలబడు” అన్నాను. నిలబడ్డాడు. ఒప్పించింది ఆటో.

డాక్టరు వేలితో చూశాడు, రక్తపరీక్ష రాశాడు, వయసు చూసి, మూడు నెలల కథ విని, కెమెరా పరీక్ష చేయాల్సిందే అన్నాడు. ముందురోజు గంజి, చారు లాంటివే. రాత్రికి రెండు లీటర్ల నీళ్లలో పొడి కలుపుకుని తాగాలి. ఉప్పూ నిమ్మా కలిసి చెడిపోయిన షర్బత్ రుచి. పేగు కడిగిన పళ్లెంలా అయ్యేదాకా మనిషికీ మరుగుదొడ్డికీ మధ్య రాకపోకలే. అన్న ఉండే వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. ఆ రోజు విడిచిన రోజు. ఇద్దరు కొడుకులూ పక్కింటి సంపు నుంచి అర్ధరాత్రి దాకా బకెట్లు మోశారు. వదినకు సంగతి ఆ రాత్రే తెలిసింది. బకెట్లను దాచలేం కదా. పన్నెండు ఉత్తరాలు రాసిన నా పెద్దపేగు “మీ వీధికి నీళ్లు ఏ రోజు?” అని ఒక్క దాంట్లోనూ అడగలేదు.

“శివరాత్రి జాగారం గూడ ఇంత గట్టిగ చెయ్యలే సార్” అన్నాడు అన్న మర్నాడు, మత్తు దిగుతూ.

అరగంటలో డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. పేగు శుభ్రంగా ఉంది. బుడిపెలు లేవు. రక్తం మొలల నుంచే.

అన్న మంచం మీదే లేచి కూర్చున్నాడు. “జెప్పిన గద సార్! మొలలే అని! వేడి!” ఇరవై నాలుగు గంటలు ఉపవాసమున్న మనిషి మొహంలో ఎన్నికలు గెలిచిన వెలుగు. ఆ రోజు నుంచి వాకింగ్‌లో ఎవరు దొరికితే వాళ్లకు తన పేగు ఎంత శుభ్రమో, కెమెరాలో ఎలా గులాబీ రంగులో కనబడిందో వర్ణించి చెబుతున్నాడు. మొన్న ఒకాయన అంతా విని, ఆగి, అన్నను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. మర్నాడు ఏడింటికి వీధి చివర ఆటోతో నిలబడింది మాత్రం లాలాగూడ అన్నే.

నా పీహెచ్‌డీ మిత్రుడికీ, ఉత్తరాలు రాసే యంత్రాలకూ, ఆదివారం దాకా సగం ధర ఇచ్చే దాతలకూ ఒక నమూనా సందేశం ఇస్తున్నాను. రాయల్టీ అక్కర్లేదు. మలంలో రక్తం కనిపిస్తే వేడి అని మీరే తేల్చేయకండి. విరేచనం తీరు వారాల తరబడి మారిపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఒంట్లో రక్తం తగ్గిందన్నా డాక్టరుకు చెప్పండి. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే, మీకు ఏమీ కనిపించకపోయినా, ఏ వయసులో పరీక్ష మొదలుపెట్టాలో అడగండి. ఇంట్లో చెప్పండి, బకెట్లు మోయడానికైనా మనుషులు కావాలి.

మొలలే కావచ్చు. చాలాసార్లు మొలలే. కానీ ఆ మాట అనాల్సింది చూసినవాడు. మెట్రో స్తంభం కాదు.